సతోపంథ్ సరస్సు: ఇంకో రెండు గంటలు నడిస్తే చేరేవాడిని, గైడ్ వెనక్కి దింపేశాడు. ఇది న్యాయమేనా?

ఎత్తుపల్లాలు
మొన్న సెప్టెంబర్ చివర్లో ముగ్గురం సతోపంథ్ తాల్ ట్రెక్‌కి వెళ్ళాం. బద్రీనాథ్ దాటాక మానా ఊరి నుంచి నడక మొదలు. మొదటి రాత్రి లక్ష్మీవన్, రెండో రాత్రి చక్రతీర్థ్. మూడో రోజు పొద్దున్నే చక్రతీర్థ్ దాటాక వచ్చే నిలువు గట్టు సగం ఎక్కామో లేదో, గైడ్ నన్ను ఆపేశాడు. "మీరు ఇక పైకి వద్దు సార్" అన్నాడు. ఎందుకయ్యా అంటే తలనొప్పి ఉంది కదా అన్నాడు. ఆ ఎత్తులో తలనొప్పి ఎవరికి ఉండదు? నా ఫ్రెండ్స్ ఇద్దర్నీ అసిస్టెంట్‌తో పైకి పంపి, నన్ను మాత్రం తనే దగ్గరుండి కిందికి దించేశాడు. గట్టిగా రెండు గంటలు నడిస్తే సరస్సు.

ఎనిమిది నెలలు ప్రిపేర్ అయ్యాను. రోజూ పరుగు, పది కిలోమీటర్లు 55 నిమిషాల లోపు. ముగ్గురిలో ఫిట్‌గా ఉన్నది నేనే. ఇప్పుడు వాళ్ళిద్దరూ స్టేటస్‌లో ఆకుపచ్చ నీళ్ళ ఫొటోలు పెడుతుంటే కడుపు మండిపోతోంది. ట్రెక్ కంపెనీని అడిగితే "రీఫండ్ లేదు, గైడ్ నిర్ణయమే ఫైనల్" అంటున్నారు. అసలు గైడ్‌కి అంత హక్కు ఉందా? సగం డబ్బులైనా అడగొచ్చా?

బడ్జెట్‌బాబాయి
బుక్ చేసినప్పుడు ఒక ఫారం మీద సంతకం పెట్టి ఉంటారు. దాంట్లో ఆ ముక్క ఉంటుంది. తీసి చదవండి. మనం చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో బ్యాంకు లోను తర్వాత స్థానం దానిదే.

జోలెసంచి
నేను గఢ్వాల్ వైపు చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. 4,000 మీటర్లు దాటిన ప్రతిసారీ నాకు మొదటి రోజు తలనొప్పి వస్తుంది, మర్నాటికి పోతుంది. తలనొప్పి ఒక్కటే కారణమైతే ఆ గైడ్ తొందరపడ్డాడు. కొంతమంది గైడ్లు పని తొందరగా తెముల్చుకుని కిందికి పోదామని కూడా ఇలా చేస్తారు. ఒకసారి మా గ్రూపుని "పైన వాతావరణం బాలేదు" అని తిప్పేశారు. కిందికొచ్చి చూస్తే ఆకాశం అద్దంలా ఉంది. ఆ సాయంత్రం ఆ గైడ్ ఊళ్ళో పెళ్ళి.

తోకచుక్క
సతోపంథ్ అంటే పాండవులు స్వర్గానికి వెళ్ళిన దారే కదా. ఆ గ్రూపులో కూడా ఆరుగురు బయలుదేరితే ధర్మరాజు ఒక్కడే చేరాడు. ఐదుగురు దారిలో పడిపోయారు. ఎవరూ రీఫండ్ అడగలేదు మరి.

ఎత్తుపల్లాలు
@తోకచుక్క నవ్వండి నవ్వండి. మా వెనక మానా నుంచి ఒక నల్ల కుక్క కూడా వచ్చింది. అది సరస్సు దాకా వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

తోకచుక్క
అయ్యో. కుక్కకి ఉన్న అదృష్టం లేకపోయింది కదా. సారీ, ఇక ఆపేస్తాను. (ఆపను.)

మత్తుడాక్టర్
ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చే డాక్టర్‌ని, ట్రెక్‌లకీ వెళ్తుంటాను. కొన్ని వివరాలు కావాలి. 1) రిషికేశ్ నుంచి బద్రీనాథ్‌కి ఎన్ని రోజుల్లో వెళ్ళారు? 2) చక్రతీర్థ్‌లో రాత్రి వాంతి అయిందా, అన్నం తిన్నారా? 3) తలనొప్పికి మాత్ర వేసుకున్నారా? 4) గైడ్ ఆపే ముందు మిమ్మల్ని ఏమైనా చేయమన్నాడా, అంటే సరళరేఖలో నడవమనడం లాంటిది?

ఎత్తుపల్లాలు
ఒక్క రోజులో వెళ్ళాం. తెల్లవారుజామున 4కి రిషికేశ్‌లో బండెక్కితే సాయంత్రానికి బద్రీనాథ్. రాత్రి పెద్దగా తినలేదు, అలసట. మాత్ర ఒకటి వేసుకున్నాను, మామూలు నొప్పి మాత్రే. నడవమన్నాడు, అవును. రాళ్ళ మీద ఎవడు సరిగ్గా నడుస్తాడండీ?

అన్నట్టు ఆక్సిజన్ రీడింగ్ నాది 84, నా ఫ్రెండ్‌ది 79. వాణ్ణి పంపి నన్ను ఆపాడు. ఇదేం లాజిక్?

రాతిగుట్ట
ఆగండాగండి. ఒక్క రోజులో రిషికేశ్ నుంచి బద్రీనాథా? తప్పు అక్కడే దొరికింది. రిషికేశ్ ఎత్తు సుమారు 340 మీటర్లు, బద్రీనాథ్ 3,100. దాదాపు 300 కిలోమీటర్లు బండిలో కూర్చుని ఒక్క పగట్లో 2,700 మీటర్లు పైకి వెళ్ళిపోయారు. అక్కడ ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే లక్ష్మీవన్. చక్రతీర్థ్ చేరేసరికి 4,100 దగ్గర్లో ఉన్నారు. సరస్సు 4,600. ఈ ప్లాన్ వేసిన కంపెనీ మీద కేసు పెట్టాలి గానీ గైడ్‌ని అనడం ఎందుకు? మధ్యలో జోషీమఠ్ ఉంది, సుమారు 1,900 మీటర్లు. ఒక రాత్రి అక్కడ ఆగితే సగం గొడవ ఉండేది కాదు.

బడ్జెట్‌బాబాయి
ఆ కంపెనీ వాళ్ళని అనే ముందు ఒకటి ఆలోచించండి. ఒకడు పది రోజుల ప్లాన్ పెడతాడు, ఇంకొకడు ఏడు రోజులకే చూపిస్తానంటాడు. మనం ఎవరి దగ్గర బుక్ చేస్తాం? లీవు దొరకదని ఏడు రోజుల వాడి దగ్గరికే పోతాం. ఆ తర్వాత వాడు దోషి.

నత్తనడక
ఎత్తుపల్లాలు గారూ, మీ బాధ నాకు తెలుసు. నాది గంగోత్రి దగ్గర కేదార్‌తాల్. 4,750 మీటర్లు, దారంతా నిచ్చెన ఎక్కినట్టే ఉంటుంది. అప్పుడు నాకు 52 ఏళ్ళు. సరస్సుకి ముందు ఆఖరి క్యాంపు కేదార్‌ఖరక్‌లో రాత్రంతా వాంతులు. పొద్దున మిగతా అందరూ బూట్ల లేసులు బిగించుకుంటుంటే నేను టెంట్ జిప్ సందులోంచి చూస్తూ పడుకున్నాను. ఆ లేసుల చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. నన్ను ఎవరూ ఆపలేదు, నేనే దిగిపోయాను. ఇంటికొచ్చి నెల రోజులు ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి గంగోత్రిలోనే రెండు రాత్రులు ఆగాను, పగలు కొంచెం పైకి నడిచి కిందికొచ్చి పడుకోవడం. గ్రూపులో అందరికంటే వెనక నేనే. చివరికి థలయ్ సాగర్ శిఖరం నీడ నీళ్ళలో పడటం చూశాను. సరస్సు ఎక్కడికీ పోదు.

మత్తుడాక్టర్
సరే, వివరంగా రాస్తాను. ఇది ఇంటర్నెట్ సలహా, మీ డాక్టర్‌కి బదులు కాదు.

పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు, అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 4,600 మీటర్ల దగ్గర సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 57 శాతమే ఉంటుంది. అంటే ప్రతి ఊపిరికీ మనకి అందేది సగం కంటే కొంచెం ఎక్కువ. దానికి శరీరం అలవాటు పడాలి. ఎక్కువగా ఊపిరి తీయడం, కిడ్నీలు రక్తంలో క్షారాన్ని సరిచేయడం, ఇవన్నీ రోజుల మీద జరిగే పనులు. పరుగుతో వచ్చే ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం లేదు. పైగా ఫిట్‌గా ఉన్నవాడు వేగంగా ఎక్కేస్తాడు, లోపల ఇబ్బంది ఉన్నా నెట్టుకుపోతాడు. 1962 యుద్ధం రోజుల్లో మన సైనికుల్ని హడావుడిగా ఎత్తైన సరిహద్దులకి పంపాల్సి వచ్చింది. మన ఆర్మీ డాక్టర్లు కొండజబ్బు వచ్చిన 1,925 మంది సైనికుల్ని గమనించి 1969లో పేపర్ రాశారు. ఈ రంగంలో ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటారు. వాళ్ళందరూ వయసులో ఉన్న ఫిట్ మనుషులే.

మామూలు లెక్క ఏంటంటే, మొదటి రోజే 2,800 దాటి పడుకుంటే రిస్కు మొదలైనట్టే. 3,000 దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్ల కంటే పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అదనంగా ఆగాలి. పగలు ఎంత ఎక్కారన్నది కాదు, రాత్రి తల ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం.

ఇక మీ 84, 79 సంగతి. ఆ ఎత్తులో 80ల్లో ఉండటం మామూలే. చల్లబడ్డ వేలికి ఆ క్లిప్ పెడితే ఏ నంబరైనా చూపిస్తుంది. వేళ్ళు చంకలో పెట్టుకుని వెచ్చబరిచి మళ్ళీ చూస్తే మీ ఫ్రెండ్‌ది 85 వచ్చేదేమో. నంబర్ చూసి ఎవర్నీ పైకి పంపరు, ఎవర్నీ ఆపరు. చూసేది నడక. మడమకి వేళ్ళు తగిలేలా ఒక గీత మీద నడవమంటారు. తూలితే మెదడు వాపు మొదలైందేమో అని అనుమానం. అది తలనొప్పి లాంటిది కాదు. ఆగితే తగ్గేది కాదు, దిగాలి, అదీ వెంటనే. మీ గైడ్ మీకు ఆ పరీక్షే చేశాడు.

జోలెసంచి
డాక్టర్ గారూ, తూలితే నేను కూడా దించేయమంటాను, దాంట్లో మాట లేదు. కానీ ఆయన రాళ్ళ మీద నడిచానంటున్నారు. చక్రతీర్థ్ దాటాక అంతా గ్లేసియర్ తెచ్చి పోసిన రాళ్ళ కుప్పలే. ఒక రాయి మీద కాలేస్తే పక్క రాయి లేస్తుంది. నేనైనా తాగినవాడిలాగే నడుస్తాను అక్కడ.

మూడోవాణ్ణి
ఈ ఫోరమ్‌లో ఇప్పుడే అకౌంట్ తెరిచాను, కేవలం ఈ థ్రెడ్ కోసం. నేను పైన చెప్పిన "79" గాణ్ణి.

ఒరేయ్, నువ్వు చెప్పనివి నేను చెప్తాను. కోపం తెచ్చుకోకు.

ఒకటి, రాత్రి రెండు సార్లు వాంతి చేసుకున్నావు. టెంట్ వెనకాల. "గైడ్‌కి చెప్పొద్దురా, ఆపేస్తాడు" అని నా దగ్గర మాట తీసుకున్నావు. నేను వెధవని, ఒప్పుకున్నాను.

రెండు, పరీక్ష రాళ్ళ మీద కాదు. గట్టు మొదట్లో ఇసుక గడ్డకట్టిన చదును ఉంది కదా, అక్కడ తన పోల్‌తో గీత గీశాడు. నేను నడిచాను, వాడు నడిచాడు, నువ్వు మూడో అడుగుకి పక్కకి పోయావు. మళ్ళీ చేస్తానన్నావు. మళ్ళీ పోయావు.

మూడు, దానికి ముందే ఆయన నిన్ను గమనిస్తున్నాడు. పొద్దున టీ దగ్గర ఎడమ చేతి గ్లవ్‌ని కుడి చేతికి తొడుక్కుంటున్నావు. బొటనవేలు వెనక్కి వచ్చింది. తీశావు, మళ్ళీ అదే గ్లవ్ అదే చేతికి. మూడు సార్లు. మేమిద్దరం నవ్వాం. ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి నీ బ్యాగ్ తీసి తన భుజానికి వేసుకున్నాడు. అప్పటికే డిసైడ్ అయిపోయాడని నాకు తర్వాత అర్థమైంది.

తోకచుక్క
ఇప్పుడు నాకు కూడా నవ్వు రావట్లేదు.

మంచుపిచ్చి
గ్లవ్ సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

మా గ్రూపులో ఒకడికి దగ్గు మొదలైంది. ఏ సరస్సో ఎందుకు, అదీ ఒక సరస్సే. "దుమ్ము" అన్నాడు. గైడ్ దిగుదామన్నాడు. గైడ్‌తో గొడవ పెట్టుకున్నది నేనే. "దగ్గుకి కూడా దిగుతామా, మా వాడు జిమ్‌కి వెళ్తాడు" అని లాయర్‌లా వాదించాను. వాడు కూడా నా మాటే పట్టుకున్నాడు. ఇంకో క్యాంపు పైకి వెళ్ళాం.

ఆ రాత్రి వాడు పడుకోలేకపోయాడు, కూర్చునే ఉన్నాడు. ఊపిరి తీస్తుంటే లోపల గురగురమని శబ్దం. హుక్కాలో నీళ్ళ చప్పుడులా ఉంటుంది, విన్నవాళ్ళకి తెలుస్తుంది. తెమడ గులాబీ రంగులో వచ్చింది. రాత్రి ఒంటి గంటకి నలుగురు పోర్టర్లు ఒకరి తర్వాత ఒకరు వీపు మీద మోసి దించారు. నేను వెనకాల టార్చ్ పట్టుకుని నడిచాను, అంతే, ఇంకేం చేయగలను. దిగేకొద్దీ శబ్దం తగ్గుతూ వచ్చింది. తెల్లారేసరికి వాడు టీ అడిగాడు. ఆ గైడ్ ఒక్క మాట అనలేదు నన్ను. అని ఉంటే బాగుండేది.

మత్తుడాక్టర్
@మంచుపిచ్చి అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఎత్తుకి వెళ్ళాక సాధారణంగా రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి మధ్య వస్తుంది. నడుస్తున్నప్పుడు ఆయాసం అందరికీ ఉంటుంది, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే అది వేరే సంగతి. సమయానికి దించారు. మీరు పట్టుకున్న టార్చ్ కూడా పనికొచ్చింది, దాన్ని తక్కువ చేయకండి.

ఎత్తుపల్లాలు
రాత్రి నుంచి ఈ పేజీ తెరుస్తూ మూస్తూ ఉన్నాను.

వాడు చెప్పింది నిజమే. వాంతులు దాచాను. మాత్ర కూడా ఒకటి కాదు, రెండు, ఆరు గంటల తేడాలో. తలనొప్పి తెలియకూడదని. గ్లవ్ సంగతి మాత్రం నాకు అసలు గుర్తులేదు. ఒట్టు. ఆ పొద్దున టీ తాగినట్టే గుర్తులేదు. ఇప్పుడు చదువుతుంటే వేరే ఎవరి గురించో చదువుతున్నట్టుంది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ పరువు పోయింది. @రాతిగుట్ట గారూ, కంపెనీ ప్లాన్‌లో జోషీమఠ్ హాల్ట్ ఉంది. తీసేయమన్నది మేమే. లీవు ఒక రోజు తక్కువైంది.

బడ్జెట్‌బాబాయి
నేను చెప్పలేదూ!

రాతిగుట్ట
@బడ్జెట్‌బాబాయి సంబరపడకండి. కస్టమర్ తీసేయమంటే తీసేస్తారా? మెడికల్ షాపులో నేను అడిగినంత మాత్రాన ఏ మందు పడితే ఆ మందు ఇచ్చేస్తారా? కొండ మీద ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు, వీళ్ళకి తెలియదు. కుదరదు అని చెప్పాల్సింది వాళ్ళే. రీఫండ్ రాకపోవచ్చు గానీ వాళ్ళు పత్తిత్తులని నేను ఒప్పుకోను.

బడ్జెట్‌బాబాయి
కుదరదంటే మీరు పక్క కంపెనీకి పోతారు. సర్లే, దీని మీద మనిద్దరం ఎప్పటికీ తెగం.

కొత్తబూట్లు
నేను వచ్చే ఏడాది మొదటిసారి వెళ్దామనుకుంటున్నాను. ఇది చదివాక భయమేస్తోంది. డయామాక్స్ వేసుకుంటే ఇవన్నీ రావు కదా? కొందరు అది మోసం, శరీరాన్ని మభ్యపెట్టడమే అంటున్నారు.

మత్తుడాక్టర్
మభ్యపెట్టేది నొప్పి మాత్ర. లోపల ఏం జరుగుతోందో కనపడనివ్వదు. డయామాక్స్ అలా కాదు. కిడ్నీలు మెల్లగా చేసే పనినే తొందరగా చేయిస్తుంది, దానితో ఊపిరి పెరుగుతుంది, అలవాటు త్వరగా పడుతుంది. ముందుజాగ్రత్తకి పెద్దవాళ్ళకి సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. వేళ్ళు తిమ్మిరిగా ఉంటాయి, మాటిమాటికీ టెంట్ బయటికి పరిగెత్తాల్సి వస్తుంది. కూల్‌డ్రింక్ తాగితే చప్పగా, గ్యాస్ పోయినట్టు ఉంటుంది. అది వేసుకున్నా రాకూడదని రూలు లేదు. ఒక్క రోజులో 2,700 మీటర్లు ఎక్కేయడానికి అది లైసెన్స్ కాదు.

మూడోవాణ్ణి
నేను వేసుకున్నాను. వీడు "మందులతో ఎక్కితే ఎక్కినట్టు కాదు" అన్నాడు. ఆ చలిలో రాత్రి నాలుగు సార్లు బయటికి వెళ్ళాను, ప్రతిసారీ వీణ్ణి తిట్టుకుంటూ. ఒకసారి మాత్రం తల ఎత్తి చూశాను. చౌఖంబా శిఖరం మీద వెన్నెల. తిట్టడం మర్చిపోయాను.

తోకచుక్క
ఒక ట్రెక్‌లో నా పక్కన పడుకున్నవాడు నిద్రలో ఊపిరి ఆపేసేవాడు. పది లెక్కపెట్టేసరికి గట్టిగా మళ్ళీ మొదలెట్టేవాడు. రాత్రంతా నేను లెక్కపెడుతూనే ఉన్నాను. పొద్దున వాడు "అబ్బ, ఎంత బాగా నిద్ర పట్టిందో" అన్నాడు.

మత్తుడాక్టర్
ఎత్తులో చాలామందికి అలా జరుగుతుంది. అదొక్కటే అయితే ప్రమాదం లేదు. ప్రమాదం పక్కవాడి నిద్రకే.

కొత్తబూట్లు
నీళ్ళు ఎక్కువ తాగితే తగ్గుతుందంటారు, రోజుకి ఆరు లీటర్లు తాగమని ఒక వీడియోలో చూశాను.

మత్తుడాక్టర్
వద్దు. దాహం తీరేంత, మూత్రం లేత పసుపులో ఉండేంత చాలు. అతిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదో కొత్త తలనొప్పి. కొండజబ్బు రాకుండా నీళ్ళు ఆపవు.

జోలెసంచి
నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గైడ్ తొందరపడలేదు. పెళ్ళికి వెళ్ళిన గైడ్ వేరు, ఈయన వేరు.

@కొత్తబూట్లు భయం వద్దు గానీ మీ పేరులోనే తప్పుంది. బూట్లు ఇప్పుడే కొని రెండు నెలలు వేసుకు తిరగండి. సతోపంథ్ గురించి నాకు తెలిసింది చెప్తాను. మానా నుంచి సరస్సు దాకా ఇరవై కిలోమీటర్ల పైమాటే. లక్ష్మీవన్ దాకా దారి బాగుంటుంది, అక్కడ భోజపత్ర చెట్లు ఉంటాయి. బెరడు కాగితంలా పొరలు పొరలుగా వస్తుంది, పీకకండి. అవతల పక్క వసుధార జలపాతం, గాలికి నీళ్ళు కింద దాకా రాకుండా పొగలా పోతుంటాయి. లక్ష్మీవన్ దాటాక ఇక చెట్టనేది కనపడదు. చక్రతీర్థ్ తర్వాత దారి అనేదే ఉండదు. రాళ్ళ మీద రాళ్ళు పేర్చిన గుర్తులు చూసుకుంటూ వెళ్ళాలి. గ్లేసియర్ కదులుతుంటుంది కాబట్టి పోయినేటి దారి ఈ ఏడు ఉండదు. స్థానిక గైడ్ లేకుండా అడుగు పెట్టకూడదు. అనుమతి కూడా ముందే జోషీమఠ్‌లో తీసుకోవాలి. జూన్‌లో మంచు ఇంకా ఉంటుంది, సెప్టెంబర్‌లో ఆకాశం తేటగా ఉంటుంది గానీ రాత్రులు కొరికేస్తాయి. జులై ఆగస్టుల్లో వానలు, కొండచరియలు, ఆ రోడ్డు మీద అసలు వెళ్ళొద్దు.

కొత్తబూట్లు
ఫోన్ సిగ్నల్?

జోలెసంచి
మానా దాటాక మర్చిపోండి. ఎవరో శాటిలైట్ ఫోన్ తెచ్చుకోమని సలహా ఇస్తారు, వినకండి. అనుమతి లేకుండా మన దేశంలో అది దగ్గర పెట్టుకుంటేనే నేరం. సరదాగా తెచ్చుకున్న విదేశీయులు ఎయిర్‌పోర్టుల్లో ఇరుక్కున్నారు.

నత్తనడక
@మూడోవాణ్ణి బాబూ, సరస్సు ఎలా ఉందో చెప్పలేదు. మా అందరికీ వినాలని ఉంది. ఎత్తుపల్లాలు గారికి కష్టంగా ఉంటే వద్దు.

ఎత్తుపల్లాలు
చెప్పరా. నాకు కూడా నువ్వు సరిగ్గా చెప్పనేలేదు.

మూడోవాణ్ణి
ఆఖరి రాళ్ళగుట్ట ఎక్కేదాకా అసలు కనపడదు. ఎక్కాక ఒక్కసారిగా కాళ్ళ కింద ఉంటుంది. నిజంగానే మూడు మూలలుగా ఉంది. బ్రహ్మ, విష్ణువు, శివుడు ఏకాదశి రోజు ఒక్కో మూల స్నానం చేస్తారట, అసిస్టెంట్ కుర్రాడు చెప్పాడు. నీళ్ళు ఫొటోలో ఉన్నంత ఆకుపచ్చ కాదు, పొద్దున బూడిద రంగులో ఉన్నాయి. ఎండ కొండ దిగి నీళ్ళని తాకాక రంగు మారింది. గాలి లేదు. దూరంగా ఎక్కడో కొండ మీంచి మంచు జారిన చప్పుడు, లారీలోంచి కంకర ఒంపినట్టు. చూద్దామని తల తిప్పేసరికి అయిపోతుంది.

ఒడ్డున రాళ్ళు పేర్చి కట్టిన గది ఉంది, ఎండాకాలం సాధువులు ఉంటారట. సరస్సులో చెత్త పడితే పక్షులు వచ్చి తీసేస్తాయని అక్కడి వాళ్ళ నమ్మకం. బిస్కెట్ కవర్లు తీసే పక్షి మాత్రం ఇంకా పుట్టినట్టు లేదు. మేం ఇద్దరం ఒక సంచి నింపుకొచ్చాం.

ఇరవై నిమిషాలు ఉన్నామేమో. పావుగంట సేపు "వాడు లక్ష్మీవన్ చేరి ఉంటాడా" అని మాట్లాడుకుంటూనే ఉన్నాం. కుక్క నీళ్ళు తాగి పడుకుంది.

తోకచుక్క
కుక్కకి ధర్మరాజు లెవెల్ వచ్చేసింది.

నత్తనడక
ఆ గైడ్‌కి మీరు ఏమైనా ఇచ్చారా? మామూలుగా చివర్లో ఇస్తాం కదా.

ఎత్తుపల్లాలు
లేదండీ. కిందికొచ్చాక రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. బద్రీనాథ్‌లో బండి ఎక్కేటప్పుడు చెయ్యి ఊపాడు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

మూడోవాణ్ణి
నేను ఇచ్చాను, ముగ్గురి తరఫున అని చెప్పి. నీ వాటా నాకు బాకీ.

మోకాళ్ళపర్వతం
దిగేటప్పుడు నీకు ఎప్పుడు తేరుకున్నట్టు అనిపించింది? మా ఆవిడకి ఒకసారి ఇలాగే అయితే 600 మీటర్లు దిగేసరికి మనిషి మామూలైపోయింది. నేనేమో ఆ దిగుడికి మోకాళ్ళు పట్టేసి వారం రోజులు మెట్లు ఎక్కలేదు.

ఎత్తుపల్లాలు
లక్ష్మీవన్ దగ్గరికి వచ్చాక. అప్పటిదాకా ఆయన నా బెల్ట్ వెనక నుంచి పట్టుకుని నడిపించాడు. అది గుర్తుంది. అవమానంగా అనిపించింది కాబట్టి గుర్తుందేమో. లక్ష్మీవన్‌లో ఆకలేసింది, రెండు రోజుల తర్వాత మొదటిసారి. ఖిచిడీ తిన్నాను, రెండో ప్లేటు అడిగాను. అప్పుడే ఆయన దూరంగా వెళ్ళి బీడీ వెలిగించుకున్నాడు. అంతవరకు నన్ను వదిలి పక్కకి పోలేదు.

మత్తుడాక్టర్
రెండో ప్లేటు అడిగినవాడి గురించి మేం కూడా బెంగ పెట్టుకోం. మళ్ళీ వెళ్తే ముందు డాక్టర్‌ని కలవండి. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ఈసారి ఎంత మెల్లగా వెళ్తారన్నదే ప్రశ్న.

ఎత్తుపల్లాలు
ఇందాక గైడ్‌కి ఫోన్ చేశాను. మూడోవాడే నంబర్ ఇచ్చాడు. సారీ అని మొదలుపెట్టాను. ఆయనకి ఏ గ్రూపో వెంటనే గుర్తు రాలేదు. "గ్లవ్స్" అనగానే నవ్వాడు, అక్కడ నవ్వలేదన్నారు కదా, ఇప్పుడు నవ్వాడు. వచ్చే సెప్టెంబర్‌కి వస్తానన్నాను. జోషీమఠ్‌లో ఒక రాత్రి, బద్రీనాథ్‌లో రెండు రాత్రులు ఉంటేనే తీసుకెళ్తానన్నాడు. లీవు సంగతి చూడాలి.

రీఫండ్ మెయిల్ డ్రాఫ్ట్‌లో ఉంది. డిలీట్ చేస్తున్నాను.

రాతిగుట్ట
డిలీట్ చేయకండి. రీఫండ్ అని కొట్టేసి, హాల్ట్ తీసేయమన్నా తీయొద్దని రాసి పంపండి. వెనకాల వచ్చేవాళ్ళకి పనికొస్తుంది.

బడ్జెట్‌బాబాయి
దీనికి మాత్రం నేను ఒప్పుకుంటున్నాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మళ్ళీ అనను.

వీకెండ్_విహారి
థ్రెడ్ పెద్దదిగా ఉంది, మొత్తం చదవలేదు. శుక్రవారం రాత్రి బయలుదేరితే సతోపంథ్ చూసి సోమవారం ఆఫీసుకి వచ్చేయొచ్చా?

తోకచుక్క
వచ్చేయొచ్చు. నీ కుక్క.